బొమ్మ చూపిస్తే కాదనకూడదు

మా వాసింకి ఏం కావాలన్నా నా చెయ్యి కావాలి. దాహం వేస్తే నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి నీళ్ళ బాటిల్ మీద పెడతాడు. ఫ్యాను తిరగాలంటే నా వేలు తీసుకెళ్ళి స్విచ్చికి ఆనిస్తాడు. నోటితో అడగడు. ఏడేళ్ళు నిండినా పట్టుమని పది మాటలు లేవు. ఉన్న నాలుగు మాటలూ వాడికి బుద్ధి పుట్టినప్పుడు గోడతో చెప్పుకుంటాడు. గుంటూరులో డాక్టరుగారు ఆటిజం అన్నారు. "వాడికి అన్నీ అర్థమవుతాయమ్మా, బయటికి చెప్పే దారే వేరు" అన్నారు. ఆ దారి నా చెయ్యే అనుకుని నేను దాన్ని వాడికి పూర్తిగా అప్పగించేశాను.

అందుకే తెనాలిలో మా ఇంటి దగ్గరి మున్సిపల్ ప్రాథమిక పాఠశాలలో వాడిని వేసినప్పుడు వాడితో పాటు నేనూ వెళ్ళాను. అలవాటు పడేదాకా ఒక వారం కూర్చుని వచ్చేద్దామనుకున్నాను. వాడు రెండో తరగతికి వచ్చేసరికి వెనక వరసలో, కిటికీ పక్కన, నాకంటూ ఒక చోటు ఏర్పడిపోయింది. నిర్మల టీచరు మంచి మనిషి. గది నిండా పిల్లలు, ఆవిడ ఒక్కతే. "ఉండమ్మా నస్రీన్, నువ్వుంటే నాకూ ఆసరా" అంది. కొన్నాళ్ళకి ఆ ఆసరా ఎంతదాకా వచ్చిందంటే, పెన్సిళ్ళు చెక్కేదాన్ని, ముక్కులు తుడిచేదాన్ని, ఊడిన జడలు అల్లేదాన్ని, టీచరు ఆఫీసు గదిలోకి వెళ్తే నోటి మీద వేలేసుకోమని అందరికీ చెప్పేదాన్ని. ఎనిమిదో తరగతి సగంలో మానేసిన నాకు ఈసారి లెక్కలు బాగానే వస్తున్నాయి కూడా.

"బడికి పోతున్నది వాడా, నువ్వా?" అనేది మా అత్తమ్మ మున్నీసా. "ఇంటికొచ్చాక వాడు హాయిగా ఆడుకుంటున్నాడు. నువ్వు రొట్టెలు కాలుస్తూ ఎక్కాలు చదువుతున్నావు."

ఆ ఎక్కాలే నా కొంప ముంచాయి.

ఒకరోజు విద్యాధికారి వెంకట్రామయ్యగారు బడి చూడటానికి వచ్చారు. మా తరగతిలో నిలబడి, "పిల్లలూ, ఏడు మూళ్ళు ఎంత?" అన్నారు. ఎవరూ పలకలేదు. నిన్ననే చెప్పిన ఎక్కం. నిర్మల టీచరు మొహం పాలిపోయింది. ఇంకొక్క క్షణం ఆగుదామనుకున్నాను గానీ నోరు ఆగలేదు.

"ఇరవై ఒకటండి" అన్నాను.

ఆయన మెడ సాచి వెనక వరసలోకి చూశారు. "ఈ అమ్మాయి ఏ తరగతి?"

"రెండో తరగతేనండి" అన్నాడు ముందు కూర్చున్న పిల్లాడు. "రోజూ వస్తుందండి."

"కానీ టీచరుగారు పేరు పిలవరండి" అంది వాడి పక్క పిల్ల. "అన్నం కూడా ఇంటి దగ్గర్నించే తెచ్చుకుంటుందండి."

అధికారి వెళ్ళిపోయాక హెడ్మాస్టరు సుబ్రహ్మణ్యంగారు నన్ను గదికి పిలిచారు. ఆయన చెడ్డవారేం కాదు. మాట్లాడటం అంటే మాత్రం ప్రాణం. పొద్దున ప్రార్థన అయ్యాక "పిల్లలూ, ఒక్క మాట" అన్నారంటే టీచర్లందరూ నీడ ఎక్కడుందో చూసుకుని జరిగి నిలబడేవాళ్ళు. ఆ రోజు నాతో కూడా చాలాసేపు మాట్లాడారు. అందులో నాకు గుర్తున్నది ఇంతే.

"చూడమ్మా, తల్లులు తరగతిలో కూర్చోకూడదు. ఇకమీదట కుదరదు. నువ్వు లేకపోతేనేమో బాబు ఉండలేడు. వాడికి ఏం కావాలో మాకు తెలియదు. గోల ఎక్కువైతే చెవులు మూసుకుని తలుపు ఎటుంటే అటు పరిగెడతాడు. రోడ్డు మీదికి వెళ్ళిపోతే ఎవరమ్మా జవాబుదారీ? బాపట్లలో ఇలాంటి పిల్లలకి హాస్టలు ఉన్న స్కూలుంది. చాలా మంచి చోటు. ఆదివారాలు వెళ్ళి చూసి రావచ్చు. సూర్యలంక బీచి కూడా పక్కనే."

నాకు కళ్ళ ముందు బీచి తప్ప ఇంకేం కనపడలేదు. దాని ఒడ్డున వాసిం, వాడి పక్కన ఎవరిదీ కాని చెయ్యి.

నా అదృష్టం కొద్దీ అది శుక్రవారం. లక్ష్మీప్రియ టీచరు వచ్చే రోజు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఆవిడ బాపట్ల నుంచి రైల్లో వచ్చి ఊళ్ళోని బడులు తిరుగుతుంది. సన్నగా, నాకంటే చిన్నపిల్లలా ఉంటుంది. సంచీ నిండా పూసలు, మట్టి ముద్దలు, బట్టల క్లిప్పులు. నేను గుమ్మం దగ్గర కొంగుతో మొహం తుడుచుకోవడం చూసి సంగతేంటని అడిగి, తిన్నగా లోపలికి వెళ్ళింది.

"సార్, ఆ స్కూలు మంచిదే. మా ఊరిదే కాబట్టి నాకు తెలుసు. కానీ వాసిం ఇక్కడ నేర్చుకోగలడండి. ఇక్కడ చదువుకునే హక్కు వాడికి ఉంది."

"నేను పంపిస్తున్నానన్నానా అమ్మా? చూపిస్తున్నానన్నాను" అన్నారు హెడ్మాస్టరు.

ఇద్దరూ కాసేపు వాదించుకుని ఒక మాటకి వచ్చారు. నవంబరులో బాలల దినోత్సవం రోజున వాసిం తల్లి లేకుండా బళ్ళో ఉండాలి, ప్రార్థన నుంచి మిఠాయి పంచేదాకా. బయటికి పరిగెత్తకూడదు. ఒక్కసారైనా తనకేం కావాలో బడిలో ఎవరినైనా అడగాలి. అలా చేస్తే ఆయన ఇంక బాపట్ల మాట ఎత్తరు. లేకపోతే మేము వెళ్ళి ఆ హాస్టలు చూసి రావాలి.

లక్ష్మీప్రియ టీచరు నా పక్షం అనుకుని పొంగిపోయాను. బయటికి రాగానే ఆవిడ నన్ను వేపచెట్టు కిందకి తీసుకెళ్ళింది.

"నస్రీన్ గారూ, ఏమనుకోకండి. వాడికి అడగాల్సిన అవసరం లేకుండా చేస్తున్నది మీరే."

"అడక్కుండానే ఇవ్వడం తప్పా అండి?"

"తప్పు కాదండి. కానీ అడగడం ఎప్పుడు నేర్చుకుంటాడు? మీ చేతికి తప్ప ఇంకెవరికీ వాడి భాష రాదు."

ఆ మాట నాకు చాలా రోజులు ముద్ద దిగనివ్వలేదు. కోపం కూడా వచ్చింది. ఇంకా పెళ్ళి కాని పిల్ల, నాకు పిల్లల్ని పెంచడం చెబుతుందా అనుకున్నాను. కానీ ఎంత తిట్టుకున్నా ఆ మాట అబద్ధమని మాత్రం అనుకోలేకపోయాను.

ఆవిడ చెప్పిన ఉపాయం చాలా తేలిక. చిన్న చిన్న బొమ్మలు చెయ్యాలి. నీళ్ళు, బాత్రూం, ఆకలి, అమ్మ, చాలు. వాసిం తనకి కావలసిన బొమ్మ తీసి ఎదుటివాళ్ళకి చూపిస్తాడు. గోల భరించలేకపోతే పరిగెత్తే బదులు 'చాలు' బొమ్మ చూపిస్తాడు. అయితే ఒక నియమం ఉంది. బొమ్మ చూపిస్తే ఎవరైనా సరే, ఏ పనిలో ఉన్నా సరే, వెంటనే ఆ పని చెయ్యాలి. ఒక్కసారి కాదన్నా వాడికి బొమ్మ మీద నమ్మకం పోతుంది. ఈ నియమం ఆవిడ టీచర్లందరి ముందూ, పిల్లల ముందూ చెప్పి, అందరి చేతా ఒప్పించింది.

"అంతేగా, ఇచ్చేద్దాం. నీళ్ళేగా" అన్నారు హెడ్మాస్టరు.

బొమ్మల పని మా ఆయన వజీర్ తీసుకున్నాడు. మా ఆయన ఫ్లెక్సీల షాపులో డిజైనరు. తెనాలిలో పుట్టినరోజులకి, పెళ్ళిళ్ళకి, ఎవరికైనా పదవి వస్తే, ఎవరైనా పోతే, రోడ్డు మీద కట్టే ఫ్లెక్సీల్లో చాలావరకు ఆయన చేతి మీదుగా పోయినవే. "మేడంకి చెప్పు, అదిరిపోయేలా చేస్తానని" అన్నాడు.

మర్నాడు సాయంత్రం చుట్ట చుట్టి భుజాన వేసుకుని తెచ్చాడు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. విప్పి చాప మీద పరిచాడు. ఒక్కొక్కటీ తలుపు రెక్కంత ఉంది. నాలుగు మూలలా తాడు కట్టుకోవడానికి రింగులు కూడా వేయించాడు. నీళ్ళ బొమ్మలో స్టీలు గ్లాసు, గ్లాసు వెనక జలపాతం, జలపాతం మీద ఇంద్రధనుస్సు. పైన బంగారు రంగు అక్షరాల్లో 'వాసిం బాబుకు దాహం'. కింద వరసగా గుండ్రటి ఫొటోలు. మా ఆయన, మా అత్తమ్మ, ఆయన షాపు ఓనరు వరప్రసాదంగారు, అందరూ దణ్ణం పెడుతూ.

"ఈ ఫొటోలెందుకండి?"

"ఫొటోలు లేకుండా ఫ్లెక్సీ ఏంటే? కింద ఖాళీగా ఉంటే చూడ్డానికి బాగుంటుందా?"

బాత్రూం బొమ్మ ఇంకా ఘనంగా ఉంది. నీలం తలుపు, దాని పక్కన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, మెడలో పూలదండతో, చెయ్యెత్తి అభివాదం చేస్తున్న మా అన్న నాగూర్ బాషా. అన్న రేపల్లె నుంచి నిజాంపట్నం ఆటో నడుపుతాడు. ఆటో యూనియన్ ఎన్నికలకి తీయించిన ఫొటో మా ఆయన కంప్యూటర్లో ఉండిపోయింది. మంచి ఫొటో వృథా పోవడం ఎందుకని ఇందులో పెట్టాడట.

"చిన్నగా కోసి పెడితే జేబులో పడతాయిలే" అన్నాడు, నా మొహం చూసి. కోసేదాకా అవి గోడకే ఉన్నాయి. వాసిం ప్రతి సాయంత్రం వాటి ముందు నిలబడి కదలకుండా చూసేవాడు. నీళ్ళని గానీ తలుపుని గానీ కాదు, మనుషుల్ని.

ఆదివారం అన్న రేపల్లె నుంచి ఎండు రొయ్యలు పట్టుకుని వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే వాసిం పరిగెత్తుకుంటూ వెళ్ళి అన్న చెయ్యి పట్టుకున్నాడు. ఎప్పుడూ ఎవరి దగ్గరికీ పోనివాడు మామ చెయ్యి పట్టుకునేసరికి అన్నకి కళ్ళు చెమర్చాయి. "చూశావా చెల్లెమ్మా, రక్తసంబంధం" అన్నాడు. వాసిం అన్నని నడిపించుకుంటూ వంటింటి పక్క నుంచి తిన్నగా బాత్రూంలోకి తీసుకెళ్ళి, పని కానిచ్చుకుని, బయటికి వచ్చేశాడు. అన్న లోపలే నిలబడి ఉన్నాడు.

అన్నం తినబోయే ముందు మళ్ళీ అదే. టీ తాగాక మళ్ళీ అదే.

"ఏంటమ్మా ఇది" అన్నాడు అన్న. "ఓట్లేసినవాళ్ళు కూడా నన్ను ఇంతలా వాడుకోలేదు."

ఈ సంగతి శుక్రవారం లక్ష్మీప్రియ టీచరుకి సిగ్గుపడుతూ చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆవిడ చేతిలో పూసలు కింద పెట్టేసింది.

"అన్నయ్యగారి చెయ్యి పట్టుకున్నాడా? మీది కాకుండా ఇంకొకరి చెయ్యి?"

అప్పటిదాకా నాకది తట్టనే లేదు.

బొమ్మలు మాత్రం మళ్ళీ చేయించమంది. అరచేతిలో పట్టేవి, తెల్ల అట్ట మీద ఒక్కొక్క బొమ్మ, ఇంకేమీ ఉండకూడదు. మా ఆయన రాత్రి భోజనం దగ్గర అలిగాడు. "ఒక్క గ్లాసు పెట్టి చుట్టూ తెల్లగా వదిలెయ్యాలా? అది డిజైనా? కరెంటు పోయినట్టుంటుంది" అన్నాడు. చివరికి చేశాడు. 'చాలు' కి ఎర్రటి అరచెయ్యి. 'అమ్మ' కి నా ఫొటో. అట్టలకి చిల్లులు పెట్టి, రింగుకి గుచ్చి, వాసిం బెల్టుకి తగిలించాం.

ఆ తర్వాత వచ్చింది అసలు కష్టం. బొమ్మ చూపించేదాకా నేను తెలిసీ తెలియనట్టు ఉండాలట. మొదటి రోజు వాడు మామూలుగానే నా చెయ్యి తీసుకెళ్ళి బాటిల్ మీద పెట్టి నా మొహంలోకి చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను. వాడు నా గడ్డం పట్టుకుని మొహం బాటిల్ వైపు తిప్పాడు. "ఏంటి నాన్నా, ఏం కావాలి?" అన్నాను. అప్పుడు వాడు నన్ను చూసిన చూపులో, గుంటూరు డాక్టరుగారి దగ్గరికి ఈసారి నన్ను తీసుకెళ్ళాలన్నంత బెంగ ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఇచ్చేద్దామని మూత తీస్తుంటే వాడు విసుగ్గా బెల్టు దగ్గర తడిమి, గ్లాసు బొమ్మ తీసి నా ముక్కుకి ఆనించాడు.

ఆ పూట మా ఇంట్లో పండగే. సాయంత్రం అయ్యేసరికి వాడు ఇరవై గ్లాసులు అడిగాడు, తాగింది రెండు. అడిగితే వస్తోందా లేదా అని చూసుకుంటున్నాడు.

ఇబ్బంది ఏంటంటే, మా అత్తమ్మకి కూడా ఈ పద్ధతి నచ్చేసింది. మా ఆయన చేత టీ కప్పు బొమ్మ ఒకటి చేయించుకుని, మంచం మీద కూర్చుని నాకు చూపించేది. "బొమ్మ చూపిస్తే కాదనకూడదు, మీ టీచరే చెప్పింది" అనేది. అన్నం వడ్డిస్తుంటే మా ఆయన ఎర్ర అరచెయ్యి ఎత్తేవాడు. ఇంట్లో నోరు తెరిచి మాట్లాడేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

ఇంట్లో బాగానే ఉంది. బడిలోనే కుదరలేదు, నా వల్ల. గదిలో కూర్చోకూడదన్నారు గానీ బడి దగ్గర ఉండకూడదని అనలేదుగా అని, వెనక గోడ దగ్గర రెండు ఇటుకల మీద నిలబడి కిటికీలోంచి చూసేదాన్ని. వాసింకి నా గాజుల చప్పుడు తెలుసు. తిన్నగా బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకునేవాడు. తర్వాత మధ్యాహ్న భోజనం వండే షెడ్డులో దాక్కున్నాను. వంటామె శివపార్వతి పీట వేసి, "ఊరికే కూర్చుంటే కనపడిపోతావు అక్కా, ఈ ఉల్లిపాయలు తరుగు" అంది. బడికంతా సరిపడే ఉల్లిపాయలు. కిటికీలోంచి చూస్తే నా కళ్ళకి నా కొడుకు కూడా కనపడలేదు. వాడికి మాత్రం నేను కనపడ్డాను.

బెల్టుకి బొమ్మలున్నా, నేను దగ్గర్లో ఉన్నంతసేపూ వాటిని ముట్టుకోడు. నిర్మల టీచర్ని ఒక్కసారి కూడా ఏమీ అడగలేదు. నవంబరు వచ్చేసింది.

"నస్రీన్ గారూ" అంది లక్ష్మీప్రియ టీచరు, "మీరు ఊళ్ళో ఉంటే బళ్ళో ఉన్నట్టే. ఆ రోజు మీరు రేపల్లె వెళ్ళండి, పుట్టింటికి. రైలెక్కే ముందు నాకు ఫోన్ చెయ్యండి. నేను నమ్మను, రైలు చప్పుడు వినిపించండి."

పద్నాలుగో తారీఖు పొద్దున వాసింకి తెల్ల చొక్కా వేసి, బెల్టు పెట్టి, గేటు దగ్గర నిర్మల టీచరుకి అప్పజెప్పాను. వాడు వెనక్కి తిరిగి చూస్తాడని కాసేపు నిలబడ్డాను. చూడలేదు. చూడకపోవడం మంచిదో చెడ్డదో తెలియక స్టేషన్ దాకా అదే ఆలోచిస్తూ నడిచాను.

రేపల్లె పాసింజరు కదిలింది. నా ఎదురుగా ఒకావిడ గంప నిండా తమలపాకులు పెట్టుకుని కూర్చుంది. జంపని దాటేదాకా ఓర్చుకున్నాను. వేమూరులో అత్తమ్మకి ఫోన్ చేశాను.

"ఇంట్లోనే ఉన్నా. టీవీ చూస్తున్నా" అంది. వెనక నుంచి "హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" అని వినపడింది.

"టీవీలో మైకు టెస్టింగేంటి అత్తమ్మా?"

"నిన్ను వెళ్ళొద్దంది గానీ నన్ను అనలేదుగా ఆ పిల్ల" అంది అత్తమ్మ. "వంట షెడ్డులో ఉన్నా. శివపార్వతి కుర్చీ వేసింది."

నాకు వేసింది పీట. ఆ సంగతి అప్పుడు మాట్లాడటం ఇష్టం లేక, "వాడేం చేస్తున్నాడు?" అన్నాను.

"వరసలో కూర్చున్నాడు."

"చెవులు మూసుకున్నాడా?"

"లేదు."

"ఏడుస్తున్నాడా?"

"నువ్వే ఏడుస్తున్నావు. ముక్కు చీదుకుని మాట్లాడు."

ఫోను పెట్టేయనివ్వలేదు నేను. పాటలు అయ్యాయంది. చిన్నపిల్లలు డాన్సు చేశారంది. వాసిం రెండుసార్లు బెల్టు తడుముకున్నాడు గానీ ఏమీ తీయలేదంది. తర్వాత ఆవిడ గొంతు తగ్గించింది.

"మీ హెడ్మాస్టరు లేచాడే. జేబులోంచి కాగితాలు తీశాడు."

"ఎన్ని?"

"దండిగానే ఉన్నాయి."

ఆయన ఉపన్యాసం మామూలుగానే తట్టుకోలేం, అందులో మైకు. భట్టిప్రోలులో రైలు ఆగి, కదిలేదాకా ఆయన మాట్లాడుతూనే ఉన్నారు, ఫోన్లోంచి నాకూ వినపడుతోంది. ఉన్నట్టుండి మైకు కీచుమంది. రైల్లో నేనే చెవి మూసుకున్నాను.

"చెవులు మూసుకున్నాడు" అంది అత్తమ్మ. "లేచాడు."

"గేటు వేసి ఉందా అత్తమ్మా? గేటు చూడండి, గేటు."

"వేసే ఉంది. వాడు గేటు వైపు కాదే పోయేది, అటు..."

అంతే. సిగ్నల్ పోయింది. ఎటు పోయాడో, ఆ మాట ఫోన్లోనే ఉండిపోయింది. మళ్ళీ చేశాను, మళ్ళీ చేశాను. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చేశాను. తమలపాకులావిడ నన్ను చూసి, "ఎవరికమ్మా బాగాలేదు?" అంది. ఎవరికీ కాదండి, మా అబ్బాయి బళ్ళో ఫంక్షను అన్నాను. ఆవిడ గంప కొంచెం అవతలికి జరుపుకుంది.

రేపల్లెలో అన్న ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. "దిగు, దిగు. అమ్మ పులుసు పెట్టింది. నిజాంపట్నం నుంచి పండుగప్ప తెచ్చాను" అన్నాడు.

"నేను దిగను అన్నా. ఇదే బండి వెనక్కి వెళ్తుందిగా, ఇందులోనే పోతాను. వాడు ఎటో పోయాడు."

"ఎటు పోయాడు?"

"అదే తెలీదు."

అన్న కిటికీ ఊచలు పట్టుకుని ఇంకేదో అడగబోతుంటే ఫోన్ మోగింది. లక్ష్మీప్రియ టీచరు. ఎత్తాను. అవతల ఆవిడ మాట్లాడలేకపోతోంది. గొంతు వణుకుతోంది.

"టీచరుగారూ, రోడ్డు మీదికి వెళ్ళాడా?"

"లేదండి, లేదండి. ఒక్క నిమిషం. నవ్వు ఆగట్లేదు" అంది.

ఆవిడ చెప్పింది ఇది. వాసిం చెవులు మూసుకుని లేచి, చుట్టూ ఒకసారి చూశాడట. లక్ష్మీప్రియ టీచరు గేటుకి అడ్డంగా నిలబడిందట. వాడు గేటు వైపు రాకుండా వరసల మధ్య నుంచి తిన్నగా స్టేజీ మెట్లెక్కాడు. హెడ్మాస్టరుగారు అప్పుడే, పిల్లలు చెప్పేది పెద్దలు ఓపిగ్గా వినాలి అనే పేజీలో ఉన్నారట. వాసిం బెల్టులోంచి ఎర్ర అరచెయ్యి తీసి ఆయన ముందు ఎత్తి పట్టుకున్నాడు. ఆయన చూసి, నవ్వి, వాడి తల నిమిరి, మెల్లగా పక్కకి జరిపి మళ్ళీ మొదలుపెట్టారు. వాసిం మళ్ళీ ముందుకి వచ్చాడు. ఆయన బల్ల మీద కాగితాలున్నాయిగా, వాటి మీద, ఆయన చదువుతున్న వరస మీద, బొమ్మ పెట్టాడు.

"మరి ఆయనేమన్నారండి?"

"నేను కింద నుంచి, 'సార్, నియమం' అన్నాను. గట్టిగా అనలేదండి. కానీ ముందు వరసలో పిల్లలకి వినపడింది. వాళ్ళకి ఆ నియమం మన కంటే బాగా తెలుసు. 'బొమ్మ చూపించాడండి, బొమ్మ చూపించాడండి' అని అందరూ మొదలుపెట్టారు. ఆయన కాగితాల వంక చూశారు, బొమ్మ వంక చూశారు. తర్వాత కాగితాలు మడిచి, ఇంతటితో ముగిస్తున్నానన్నారు. ఆయన ఉపన్యాసానికి అన్ని చప్పట్లు నేనెప్పుడూ వినలేదండి."

"కోపం వచ్చిందా ఆయనకి?"

"వచ్చింది. స్టేజీ దిగి నా దగ్గరికొచ్చి, వాడికి అసలు ఏం తెలిసి చూపించాడమ్మా అన్నారు. నేనొకటే చెప్పాను. గోల అందరికీ వినపడుతోంది సార్, ఆపగలిగింది మాత్రం మీరొక్కరే అని వాడికి తెలిసింది, అందుకే నిర్మల గారి దగ్గరికి కాకుండా మీ దగ్గరికే వచ్చాడు అన్నాను. ఆయన వాడి వైపు తిరిగి, 'నన్నే అడిగాడన్నమాట' అన్నారు. తర్వాత ఆయనే వెళ్ళి వాడికి లడ్డూ ఇచ్చారు. బాపట్ల సంగతి ఇంక లేదండి. మిగిలిన పేజీలు రిపబ్లిక్ డేకి దాచుకుంటానన్నారు."

నేను నవ్వుతున్నాననుకున్నాను. అన్న ఊచల్లోంచి జేబురుమాలు అందించాడు.

"ఇప్పుడేం చేస్తున్నాడండి?"

"లడ్డూలో జీడిపప్పు ఏరి పక్కన పెడుతున్నాడు. వరసలోనే ఉన్నాడు. అన్నట్టు, ఆ ఎర్ర బొమ్మ ఇంకొకటి చేసిపెట్టగలరా అని నిర్మల గారు వజీర్ గారిని అడగమన్నారు. స్టాఫ్ రూముకట."

చెబుతానన్నాను. ఇంకొకటి అడగాలని ఉంది. అడగకూడదనీ ఉంది.

"టీచరుగారూ, నా బొమ్మ... నా ఫొటో ఉన్నది. అది తీశాడా?"

ఆవిడ కాస్త ఆలోచించి చెప్పింది. "లేదండి. అది ముట్టుకోలేదు."

"మంచిదండి" అన్నాను. మంచిదే. దాని కోసమేగా ఇదంతా. ఫోన్ పెట్టేసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వాడు ప్రార్థన నుంచి లడ్డూ దాకా నేను లేకుండా ఉన్నాడు. నాకు ఏం కావాలో ఎవరైనా అడిగితే చూపించడానికి నా దగ్గర ఏ బొమ్మా లేదు.

పెట్టెలోకి తెనాలి వెళ్ళేవాళ్ళు ఎక్కుతున్నారు. ఎవరో నా పక్కన సీటు మీద తువ్వాలు వేశారు. అత్తమ్మ ఫోన్ చేస్తోంది, తీయలేదు. కుర్చీలో కూర్చుని చూసిందంతా ఆవిడ ఇంకోలా చెబుతుందని తెలుసు, సాయంత్రం తీరిగ్గా వినచ్చు.

"దిగుతావా, ఉంటావా, తేల్చు" అన్నాడు అన్న. "ఆటో అడ్డంగా పెట్టొచ్చా. అవతల హారన్లు కొడుతున్నారు."

"దీని తర్వాత బండి ఎప్పుడు?"

"ఇంకా చాలాసేపు ఉంది."

సంచీ తీసుకుని దిగాను. స్టేషన్ బయట ఆటో నిజంగానే అడ్డంగా ఉంది. అన్న నలుగురి చేతా మాటలు పడి, నలుగురినీ మాటలు అని, స్టార్ట్ చేశాడు.

"పులుసులో మామిడికాయ వేసిందా అమ్మ?" అన్నాను.

"నవంబరులో మామిడికాయ ఎక్కడిది చెల్లెమ్మా? చింతపండే."

"సరే, పద" అన్నాను. చాలా ఆకలిగా ఉంది.